రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్

రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ (మే 11, 1830 - ఫిబ్రవరి 23, 1911) బ్రిటిషు సైనికాధికారి, అటవీ అధికారి, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖకు 1860 నుండి 1882 వరకు అధిపతిగా ఉన్నాడు. దక్షిణ భారతదేశపు చెట్ల మీద, ఫెర్న్ మొక్కల మీద వెలువరించిన సచిత్ర గ్రంథాల వలన వృక్షశాస్త్రంలోను, పాములను, బల్లులను, కప్పలను సేకరించి వర్ణించినందువలన జంతుశాస్త్రంలోను ఇతడు ప్రసిద్ధుడు. తిరుపతి, కడప ప్రాంతపు కొండలలో మాత్రమే సహజంగా పెరిగే పెరిత మొక్క శాస్త్రీయ నామమైన సైకస్ బెడ్డోమీ ఇతని పేరు మీద ఏర్పడినదే.

అడవిని కలపగా లెక్కకట్టే శాఖను నడిపిన అధికారే, ఆ అడవిలో కుళ్ళిన దుంగల కింద, రాలిన ఆకుల కింద బ్రతికే ఉభయచరాలను శాస్త్ర లోకానికి పరిచయం చేయడం ఇతని జీవితంలోని విశేషం. చెట్ల నరికివేత వలన, కార్చిచ్చుల వలన పడమటి కనుమల కప్పలకు ఏమి జరిగిందో తెలుసుకోదలచిన నేటి పరిశోధకులు ఎక్కువగా మొదలుపెట్టేది ఇతని సేకరణల నుండే.

బాల్యం, సైనిక ఉద్యోగం

బెడ్డోమ్ లండన్ సమీపంలోని క్లాపం కామన్‌కు చెందిన ఒక న్యాయవాది కుటుంబంలో పెద్ద కుమారుడుగా జన్మించాడు. చార్టర్‌హౌస్ పాఠశాలలో చదివాడు. తండ్రి వృత్తిలోనే ప్రవేశపెట్టాలని కుటుంబం భావించినా, ఆ చదువు ఇతనికి రుచించలేదు. 1848లో, 18 ఏళ్ళ వయసులో ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యంలో చేరి భారతదేశానికి వచ్చాడు. 42వ మద్రాసు దేశీయ పదాతి దళంలో నియమితుడై, కొంతకాలం జబల్పూరులో ఉన్నాడు. ఆ దళంలో క్వార్టర్‌మాస్టరుగాను, దుబాసీగాను పనిచేశాడు. మొక్కలను, జంతువులను సేకరించే అలవాటు సైన్యంలో ఉండగానే ఏర్పడింది. శాస్త్ర విద్య అభ్యసించి పట్టా పొందినవాడు కాడు. ఆ కాలపు ప్రకృతి శాస్త్రజ్ఞులు చాలామంది ఇటువంటివారే. సైన్యంలోనో, వైద్య శాఖలోనో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళలలో ఈ పని చేసేవారు. 1862లో ఇతనికి మేరీ సోఫియా ఫుల్లర్టన్‌తో వివాహం జరిగింది.

అటవీ శాఖలో

మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ శాఖ 1856లో ఏర్పడింది. స్కాట్లాండుకు చెందిన వైద్యుడు హ్యూ క్లెగ్‌హార్న్ దానికి మొదటి సంరక్షకుడు. 1857 ప్రాంతంలో బెడ్డోమ్ అతనికి సహాయకుడుగా చేరాడు. 1860లో శాఖాధిపతి అయ్యి, 22 సంవత్సరాల పాటు ఆ పదవిలో కొనసాగాడు. గంజాం నుండి తిరునెల్వేలి వరకు వ్యాపించిన ఆ ప్రెసిడెన్సీలో నేటి కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలన్నీ ఉండేవి. కనుక నల్లమల, కడప కొండలు, విశాఖ మన్యం, నీలగిరి, వయనాడు, ఆనమలై - ఇవన్నీ ఇతని అధికార పరిధిలోనివే.

శాఖ ఎందుకు ఏర్పడిందో గమనిస్తే ఇతని ఉద్యోగం ఎటువంటిదో తెలుస్తుంది. ఆనమలై కొండల టేకు అంతకు ముందు నుండే బొంబాయి నౌకా నిర్మాణ కేంద్రానికి వెళ్ళేది. 1856లో మద్రాసు నుండి ఆర్కాటు వైపు రైలు నడవడం మొదలైన తరువాత పట్టాల కింద పరచడానికి గట్టి కలప స్లీపర్లు లక్షల సంఖ్యలో కావలసి వచ్చాయి. దక్షిణాదిన బొగ్గు దొరకడం కష్టం గనుక రైలింజన్లలో కట్టెలే కాల్చేవారు. మరొకవైపు వయనాడు, నీలగిరి ప్రాంతాలలో కాఫీ తోటల కోసం కొండవాలులను మొత్తంగా చదును చేస్తున్నారు. ఇలా సాగితే కొద్ది సంవత్సరాలలోనే కలప దొరకదన్న భయంతో ప్రభుత్వం ఈ శాఖను నెలకొల్పింది. నరికివేతను ఆపడం దాని ఉద్దేశం కాదు. ఎక్కడ, ఎంత, ఏ చెట్టు నరకాలో నిర్ణయించడం, నరికిన చోట టేకు వంటి విలువైన చెట్లను నాటించడం శాఖ పని.

శాఖ దృష్టిలో అడవికి మరొక శత్రువు నిప్పు. వేసవిలో ఆకురాల్చు అడవులలో కార్చిచ్చులు సర్వసాధారణం. కొండ జాతుల వారి పోడు వ్యవసాయాన్ని కూడా అధికారులు ఈ కోవలోనే చేర్చి నియంత్రించడానికి పూనుకున్నారు. నిజానికి పోడులో కాల్చిన చిన్న చెక్కను కొన్నేళ్ళ పాటు బీడుగా వదిలివేసేవారు, అది మళ్ళీ అడవిగా మారేది. కాఫీ తోట కోసం నరికిన అడవి తిరిగి రాలేదు. రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఆంక్షలు మాత్రం ఎక్కువగా పోడు మీదనే పడ్డాయి. బెడ్డోమ్ పదవీ విరమణ చేసిన 1882లోనే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. విశాఖ, గోదావరి మన్యాలలో ఈ చట్టం వలన కలిగిన కష్టాలే 1922-24లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం.

గ్రంథాలు

బెడ్డోమ్ రచనలలో దక్షిణ భారతదేశపు ఫెర్న్‌ల గురించిన గ్రంథం 1863-64 ప్రాంతంలో వెలువడింది. తరువాత బ్రిటిషు ఇండియా ఫెర్న్‌లపై మరొక గ్రంథం, 1883లో దానికి సంక్షిప్త రూపం వంటి కరదీపిక వచ్చాయి. ఫెర్న్‌ల అధ్యయనంలో ఈ కరదీపిక చిరకాలం ప్రామాణికంగా నిలిచింది. అటవీ అధికారులకు అతి ముఖ్యమైనది మాత్రం 1869-1873 మధ్య భాగాలుగా వెలువడిన ఫ్లోరా సిల్వాటికా. దక్షిణాది చెట్లకు బొమ్మలు, వర్ణనలు, వాటి కలప ఎంత బరువు, ఎంత గట్టిది, దేనికి పనికివస్తుంది అన్న వివరాలు ఇందులో ఉన్నాయి. ఇతని గ్రంథాలకు బొమ్మలు గీసినవారిలో, అంతకు ముందు రాబర్ట్ వైట్ వద్ద పనిచేసిన గోవిందు అనే దక్షిణ భారత చిత్రకారుడు ఒకడు. పుస్తకం మీద దొర పేరే ప్రసిద్ధికి వచ్చినా, మొక్కను గుర్తుపట్టడానికి నేటికీ ఉపయోగపడుతున్నవి ఆ బొమ్మలే.

పాములు, కప్పలు

అడవుల తనిఖీకి వెళ్ళినప్పుడల్లా బెడ్డోమ్ నేలపై జీవించే ప్రాణులను సేకరించేవాడు. చెట్ల మీదివాటి కంటే దుంగలు దొర్లిస్తే, రాళ్ళు ఎత్తితే, మట్టి తవ్వితే కనిపించేవే ఇతడిని ఎక్కువగా ఆకర్షించినట్లు సేకరణలను బట్టి తెలుస్తుంది. అడవి మట్టిలో దాగి ఉండే మట్టిపాములలో అనేక జాతులను మొదట వర్ణించినవాడు ఇతడే. 1886లో వాటిపై ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించాడు. నేలపై తిరిగే నత్తలను కూడా విస్తారంగా సేకరించాడు.

1870లో మద్రాసు నుండి వెలువడే ఒక వైద్య మాసపత్రికలో కొత్త సరీసృపాల వర్ణనలు ప్రచురించాడు. వైద్యుల కోసం నడిచే ఆ పత్రిక యూరపు జంతు శాస్త్రజ్ఞులకు అంతగా అందుబాటులో లేకపోవడంతో, 1940లో ఆ వ్యాసాలను లండన్‌లో పునర్ముద్రించవలసి వచ్చింది. విశాఖపట్నం జిల్లా గోల్కొండ కొండలలో (హైదరాబాదు గోల్కొండకు దీనితో సంబంధం లేదు) దొరికిన ఒక నున్నని నలికీచు జాతిని బెడ్డోమ్ 1870లో వర్ణించాడు. జయపురం కొండలలో దొరికిన ఒక నేలబల్లిని 1877లో వర్ణించాడు. ఈ రెండూ ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఎవరికీ కనబడక, 2010 తరువాతనే తూర్పు కనుమలలో తిరిగి కనుగొనబడ్డాయి.

ఉభయచరాలలో ఇతడు స్వయంగా వర్ణించినవి తక్కువే. వాటిలో రెండు ముఖ్యమైనవి. మొదటిది వయనాడులో దొరికిన సిసీలియన్. సిసీలియన్లు కాళ్ళు లేని ఉభయచరాలు. చూడడానికి పెద్ద వానపాములా ఉండి, తడి మట్టిలోనే జీవితమంతా గడుపుతాయి. 1870లో వర్ణించిన ఆ జాతిని నేడు గెగెనియోఫిస్ కార్నోసస్ అంటారు. రెండవది 1878లో వర్ణించిన మెలనోబట్రాకస్ ఇండికస్ అనే నల్లకప్ప. ఆనమలై కొండల దట్టమైన తడి అడవిలో పాత కుళ్ళిన దుంగల కింద ఇది దొరికింది. పొడవు మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, తొడల వద్ద ఎర్రని మచ్చలు. తాకితే ఉండలా ముడుచుకుంటుంది. ప్రపంచంలో ఈ ప్రజాతికి చెందిన జాతి ఇదొక్కటే.

మిగిలిన కప్పలను బెడ్డోమ్ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి పంపగా, అక్కడి ఆల్బర్ట్ గుంథర్, జార్జ్ బౌలెంజర్ వర్ణించారు. ఇండిరానా బెడ్డోమీ అనే దూకుడు కప్ప, డట్టాఫ్రైనస్ బెడ్డోమీ అనే గోదురు కప్ప (రెండూ 1876), రెండు సెంటీమీటర్లకు మించని నిక్టిబట్రాకస్ బెడ్డోమీ అనే చిట్టికప్ప (1882) ఇటువంటివి.

నరికివేత, నిప్పు - కప్పల ఆరోగ్యం

బెడ్డోమ్ కప్పలు దొరికిన చోట్లన్నీ ఒకే విధమైనవి: నీడ, తడి, మెత్తని ఆకుపొర, పుచ్చిన కలప. ఇది యాదృచ్ఛికం కాదు. కప్ప చర్మం నీటిని, గాలిని రెంటినీ లోపలికి, బయటికి పోనిస్తుంది. కప్ప ఊపిరితిత్తులతో పాటు చర్మంతో కూడా శ్వాసిస్తుంది, నోటితో నీళ్ళు త్రాగక చర్మంతోనే పీల్చుకుంటుంది. కనుక చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. పైనున్న పెద్ద చెట్లు కొన్నింటిని నరికినా ఎండ నేల వరకు దిగుతుంది, గాలి వీస్తుంది, ఆకుపొర ఎండిపోతుంది. అప్పుడు కప్ప ఆహారం కోసం తిరిగే సమయం తగ్గించుకొని, నీరు కోల్పోకుండా దాగి ఉండవలసి వస్తుంది. చనిపోకపోయినా బక్కచిక్కుతుంది, గుడ్లు తక్కువ పెడుతుంది. ఒకే చోట బ్రతికే చిన్న జాతులకు దూరంగా ఉన్న మరొక నీడకు వెళ్ళే శక్తి కూడా ఉండదు.

కలప తరలించే బాటలు మరొక నష్టం. బాట నుండి కొట్టుకువచ్చిన ఒండ్రు వాగులోని రాళ్ళ సందులను పూడ్చివేస్తుంది. పడమటి కనుమల వాగు కప్పలలో అనేకం ఆ సందులలోనో, వాగుపైకి వంగిన ఆకుల మీదనో గుడ్లు పెడతాయి. ఇండిరానా కప్పల తోకకప్పలు నీటిలో కాక, సన్నగా నీరు జారే తడి బండల మీద పెరుగుతాయి. చెట్లు పోయి ఆ జాలు ఆగిపోతే అవి పెరిగే చోటే లేకుండా పోతుంది. పొదలలో నివసించే చిన్న కప్పలు కొన్ని తడి ఆకుల మధ్య గుడ్లు పెట్టగా, తోకకప్ప దశ లేకుండా నేరుగా బుల్లికప్పలు బయటకు వస్తాయి. వీటికి నీటిగుంట అవసరం లేదు, కానీ గాలిలో తేమ తగ్గితే గుడ్డే ఎండిపోతుంది.

ఈ నష్టం ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్నకు తమిళనాడులోని కళక్కాడు - ముండంతురై పులుల అభయారణ్యంలో జరిగిన ఒక అధ్యయనం (2014లో ప్రచురితం) కొంత సమాధానం ఇచ్చింది. అక్కడి సతత హరితారణ్యంలో కొన్ని చెట్లను మాత్రమే ఎంపిక చేసి నరకడం జరిగింది. నరికివేత ఆగి దశాబ్దాలు గడిచినా, నరకని చోటుతో పోలిస్తే అక్కడ కప్పల సాంద్రత తక్కువగానే ఉంది. పైకి చూసేవారికి అడవి పచ్చగా కోలుకున్నట్లు కనిపిస్తుంది. నేల కోలుకోవడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

నిప్పు విషయం ఇంత సూటిగా లేదు. నల్లమల, బందిపూరు వంటి ఆకురాల్చు అడవులలో మంటలు ఫిబ్రవరి నుండి మే వరకు వస్తాయి. ఆ కాలంలో అక్కడి కప్పలలో చాలా జాతులు మట్టిలోకి తవ్వుకొని నిద్రాణంగా ఉంటాయి, తొలకరికి గాని బయటకు రావు. మంట ఆకుచెత్త మీదుగా త్వరగా పోతే వాటికి పెద్దగా తగలదు. మంట తరువాతి మొదటి వానలకు బూడిద, మసి వాగులలోకి, కుంటలలోకి కొట్టుకుపోయి తోకకప్పలకు హాని చేయవచ్చు. ఆనమలై, వయనాడు తడి అడవుల కప్పలకు ఇలా లోతుగా తవ్వుకొనే అలవాటు లేదు, ఎందుకంటే అక్కడ సహజంగా మంటలు రావు. ఎత్తైన కొండల మీద గడ్డిమైదానం తగలబడినా, పక్కనే ఉన్న షోలా అడవి అంచున తేమ వలన మంట ఆగిపోతుంది. ఆ అంచున చెట్లను నరికినప్పుడు, ఎండిన కొమ్మరెమ్మలను అక్కడే వదిలినప్పుడు మంటకు దారి దొరుకుతుంది. అంటే నరికివేత తాను చేసే నష్టంతో ఆగక, నిప్పును కూడా వెంటబెట్టుకు వస్తుంది. దుంగ కింద దాగిన నల్లకప్పకు ఆ దుంగే చితి అవుతుంది.

దీనికి వ్యాధి కూడా తోడవుతుంది. ప్రపంచంలో అనేక చోట్ల కప్పలను నాశనం చేసిన కైట్రిడ్ శిలీంధ్రం చర్మానికి సోకి, లవణాల సమతుల్యతను చెడగొట్టి, గుండె ఆగిపోయేలా చేస్తుంది. పడమటి కనుమలలో ఇది ఇండిరానా ప్రజాతి కప్పలో ఉన్నట్లు 2011లో వెల్లడైంది. మూకుమ్మడి చావులు మాత్రం ఇక్కడ నమోదు కాలేదు. ఈ శిలీంధ్రానికి చల్లదనం ఇష్టం. అమెరికాలో మోంటానా రాష్ట్రపు గ్లేసియర్ జాతీయవనంలో, కాలిపోయిన అడవిలో తిరిగే గోదురు కప్పలకు ఈ వ్యాధి తక్కువగా సోకినట్లు 2013లో ప్రచురించారు. నీడ తగ్గి ఒళ్ళు వెచ్చబడడం దానికి కారణం కావచ్చు. అయితే మంటలకు అలవాటు పడిన ఆ అడవిలోని గోదురు కప్ప దళసరి చర్మం వెచ్చదనాన్ని ఓర్చుకుంటుంది. తడి అడవి చిట్టికప్ప ఓర్చుకోలేదు. ఆ ఫలితాన్ని తెచ్చి పడమటి కనుమలకు అన్వయించడం పొరపాటు.

మళ్ళీ కనిపించిన కప్పలు

బెడ్డోమ్ వెళ్ళిపోయిన తరువాత 1890ల నుండి ఆనమలైలోని వాల్పారై పీఠభూమి చాలావరకు కాఫీ, తేయాకు తోటలుగా మారింది. అడవి తోటల మధ్య తునకలుగా మిగిలింది. నల్లకప్ప ఇరవయ్యవ శతాబ్దంలో అతి అరుదుగా మాత్రమే నమోదైంది, 1997లో తిరిగి కనుగొన్నారు. గుంథర్ 1876లో తిరువాన్కూరు నమూనాతో వర్ణించిన ఒక పచ్చని పొదకప్పను, అదృశ్యమైన ఉభయచరాల కోసం ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎస్.డి. బిజు ఆధ్వర్యంలో సాగిన గాలింపులో మళ్ళీ చూశారు. 2011లో ప్రకటించిన ఆ వార్త ప్రకారం అది కనిపించక 136 సంవత్సరాలు గడిచాయి.

ఇటువంటి గాలింపులలో బెడ్డోమ్ నమూనాలే దారి చూపుతాయి, ఇబ్బంది పెట్టేవి కూడా అవే. ఆ నమూనాలలో చాలావాటికి ఆనమలై, మలబారు, తిరువాన్కూరు అన్న విశాలమైన పేర్లే ఉన్నాయి. ఏ కొండ, ఏ వాగు అన్నది తెలియదు. ఒక కప్ప కనబడనప్పుడు అది అంతరించిందా, లేక వెతకవలసిన చోట వెతకలేదా అని చెప్పడం ఇందువలన కష్టమవుతుంది. తన శాఖలో ఏ చెట్టు ఎక్కడ నరికారో లెక్క రాయించిన అధికారి, కప్పల విషయంలో కూడా అంత శ్రద్ధ చూపి ఉంటే ఈ చిక్కు చాలావరకు తప్పేది.

చివరి రోజులు

1880లో మద్రాసు విశ్వవిద్యాలయ సభ్యుడుగా నియమితుడయ్యాడు. కర్నల్ హోదాతో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండు చేరిన తరువాత కూడా రచన మానలేదు. ఫెర్న్‌ల కరదీపికకు 1892లో అనుబంధం వెలువరించాడు. నత్తలపై వ్యాసాలు 1906 వరకు వస్తూనే ఉన్నాయి. 1911 ఫిబ్రవరి 23న లండన్‌లోని వాండ్స్‌వర్త్‌లో, 80 ఏళ్ళ వయసులో మరణించాడు.

ఇతని పేరు మీద ఉన్నవి

ఇక్తియోఫిస్ బెడ్డోమీ అనే సిసీలియన్‌కు జర్మను శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ పీటర్స్ 1880లో ఇతని పేరు పెట్టాడు. పెరిత మొక్కకు 1883లో ఇతని పేరు వచ్చింది. శేషాచలం, పాలకొండల ప్రాంతంలో ఏటా వచ్చే కార్చిచ్చులు, మొక్క భాగాల కోసం జరిగే కోత దీనికి ప్రమాదంగా ఉన్నాయి. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు మొదటి అనుబంధంలో దీనిని చేర్చారు. 2013లో పడమటి కనుమల పొదకప్ప ఒకదానికి ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచి బెడ్డోమిక్సాలస్ అని నామకరణం చేశారు. అదే సంవత్సరం ఒడిషా, ఉత్తరాంధ్రలలోని తూర్పు కనుమల నుండి గెగెనియోఫిస్ ఓరియెంటాలిస్ అనే సిసీలియన్‌ను వర్ణించారు. వయనాడులో బెడ్డోమ్ కనుగొన్న సిసీలియన్ ప్రజాతికే చెందిన ఈ జాతి, ఇతడు సేకరణలు చేసిన తూర్పు కనుమలలోనే ఉన్నా, ఇతని కంట మాత్రం పడలేదు.